స్తంభం మూసిన తలుపు

వాడికి తొమ్మిదేళ్లప్పుడు వాళ్లన్న వాణ్ని సినిమా హాలు లైన్లో నిలబెట్టి, "నా చోటు పట్టుకుని ఉండు, ఇప్పుడే వస్తా" అని చెప్పి వెళ్లాడు. మళ్లీ రాలేదు.

లైను కదిలింది. వెనకవాళ్లు తోస్తుంటే వాడు టికెట్ కిటికీ దాకా వెళ్లాడు. చేతిలో ఏమీ లేదు. లోపలి మనిషి "ఎన్ని?" అంటే, "మా అన్న వస్తాడు" అన్నాడట. అందరూ నవ్వారు. ఎవరో రెక్క పట్టుకుని పక్కకు లాగేస్తే, వెళ్లి లైను చివర నిలబడ్డాడు. మళ్లీ కిటికీ దాకా వచ్చాడు, మళ్లీ వెనక్కి వెళ్లాడు. ఆట మొదలై హాలు ముందు జనమంతా ఖాళీ అయ్యాక కూడా గోడకు ఆనుకుని నిలబడే ఉన్నాడు. వాళ్ల నాన్న వెతుక్కుంటూ వచ్చి తీసుకెళ్లాడు. అన్న అప్పటికే ఊరు దాటేశాడు. నాన్న వెల్డింగ్ షాపులో బతుకంతా మసి పూసుకోవడం తనవల్ల కాదని స్నేహితులతో అనేవాడట.

పారిపోయినవాణ్ని తిడదామంటే ఎదురుగా లేడు. ఉన్నవాడి చేతికి సుత్తి వచ్చింది. మొదట్లో బడి అయ్యాక షాపు, తర్వాత బడి లేకుండానే షాపు.

ఈ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. వాడికి స్తంభం అన్న పేరు అప్పుడే పడింది. పెట్టినవాళ్లు నవ్వుకోవడానికి పెట్టారు. వాడు మాత్రం ఆ పేరును ఉద్యోగంలా మోశాడు. ఆసుపత్రిలో చీటీ కావాలన్నా, కరెంటు ఆఫీసులో అర్జీ ఇవ్వాలన్నా, "స్తంభం ఉన్నాడుగా, నిలబెట్టండి" అనేవాళ్లు. పక్కింటి పిన్ని అడిగినా, పేరు తెలియని ముసలాయన అడిగినా వాడు కాదనేవాడు కాదు. ఒకసారి నేనే అడిగాను, "ఒరేయ్, నీకు కాళ్లు నొప్పి పుట్టవా?" అని. "నిలబడితే పుట్టవురా, కూర్చుంటే పుడతాయి" అన్నాడు. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. కనుబొమలు సగం కాలిపోయి ఉండేవి. నిప్పురవ్వలు పడి చొక్కాలన్నీ చిల్లులే. వాడు ఎండలో నిలబడితే నీడకు కూడా చిల్లులు కనిపించేవి.

నేను వాళ్ల షాపు ఎదురుగా చిత్తుకాగితాల కొట్టులో పనిచేసేవాణ్ని. తూకానికి వచ్చిన పుస్తకాల్లో అట్టలు ఊడినవి నేను ఉంచుకునేవాణ్ని. ఊళ్లో నాకు నచ్చినవి ఆ పుస్తకాలు, వాడు. మిగతాదంతా చూస్తే ఒళ్లు మండేది.

అయినా మేమిద్దరం అభిమాన సంఘంలో ఉన్నాం. హీరో మీద ప్రేమతో కాదు. సెలవు రోజున మా వీధి కుర్రాళ్లు ఇంట్లో తిట్లు తినకుండా ఉండగలిగిన చోటు అదొక్కటే. సంఘం ప్రెసిడెంటు టైలరు. మెడలో కొలతల టేపు లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు. హీరో సినిమా వస్తే మొదటి ఆట సంఘానిది. మనిషికొక టికెట్టు, అదీ లైన్లో స్వయంగా నిలబడినవాడికే.

ఆ లైను హాలు పక్క సందులో ఉంటుంది. ఒకవైపు హాలు గోడ, రెండోవైపు ఇనుప పైపులు. వెనక ఒక గేటు. ముందు కిటికీ దగ్గర ఇంకో గేటు, టికెట్టు చేతికొచ్చినవాడికే తీస్తారు. ముందు గేటుకి కాస్త ఇవతల, పైపుల్లో చిన్న పక్క తలుపు ఉండేది. కిందటి సినిమాకి కొందరు ఆ తలుపులోంచి దూరి ముందుకొచ్చారు. కొందరు భుజాల మీద నడుచుకుంటూ కిటికీ దాకా పోయారు. ఒకడి చెయ్యి విరిగింది. ప్రెసిడెంటు వెళ్లి హాలు మేనేజర్ని నిలదీస్తే, "మీరే బాగు చేయించుకోండి, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు. సంఘమంతా స్తంభం వైపు తిరిగింది.

కొత్త సినిమాకి వారం ముందు వాడు ఆ లైను కొత్తగా కట్టాడు. ఇద్దరు పక్కపక్కన పట్టకుండా పైపుల్ని గోడవైపు జరిపాడు. నెత్తిన ఇనుప వల వేశాడు. పక్క తలుపుకి వెల్డింగ్ చేశాడు. "రెండు చోట్ల అతికించు చాలు" అన్నాడు ప్రెసిడెంటు. వాడు వినలేదు. "చేస్తే సరిగ్గా చెయ్యాలన్నా" అంటూ గొంతుక్కూర్చుని పైనుంచి కిందదాకా అతుకు వేశాడు. అది కుట్టులా సన్నగా, ఎక్కడా తెగకుండా దిగింది. ప్రెసిడెంటు దాని మీద వేలు పెట్టి రాసి, "నా మిషను మీద కూడా ఇంత నీటుగా రాదురా" అన్నాడు. వాడు సిగ్గుపడ్డాడు.

ఆట ముందు రోజు నా కొట్టుకి వచ్చి, బస్తాల వెనక నిలబడి చెప్పాడు. ఓడలు కట్టే కంపెనీవాళ్లు వెల్డర్లకు పరీక్ష పెడుతున్నారు, రేపు మధ్యాహ్నం, ఊరికి అవతలివైపు ఒక షెడ్డులో. నెగ్గినవాళ్లను వెంటనే తీసుకుపోతారు. మళ్లీ ఎప్పుడొస్తారో తెలీదు.

"నాన్నకి చెప్పలేదు. నీకే చెప్తున్నా."

"మరి రేపు లైన్లోకి రావద్దు. తిన్నగా అక్కడికే పో" అన్నాను.

"ప్రెసిడెంటుకి మాటిచ్చాను. వాళ్ల బావమరిదికి టికెట్టు కావాలంట. పొద్దున్నే కిటికీ తీసేస్తారు కదా. టికెట్టు వాడి చేతిలో పెట్టి అట్నుంచటే పోతా."

"వాడి టికెట్టుకి వాణ్ని నిలబడమనొచ్చుగా?"

"వాడికి నిలబడటం చేతకాదంట" అన్నాడు వాడు. నవ్వుతున్నాడేమోనని చూశాను. నవ్వడం లేదు.

తెల్లారేసరికి లైను నిండిపోయింది. వెనక గేటుకి వాచ్‌మన్ తాళం వేశాడు. మా ముందు కొద్దిమందే ఉన్నారు, మా వెనక ఊరంత జనం. స్తంభం నా ముందు, సరిగ్గా పక్క తలుపు దగ్గర; ప్రెసిడెంటు నా వెనక. స్తంభం చేతిలో సంచి. అందులో చేతి తొడుగులు, మొహానికి అడ్డుపెట్టుకునే నల్లద్దం. సంచిని పైపుకి తగిలించి మాటిమాటికీ తడుముకుంటున్నాడు.

"ఏంట్రా స్తంభం, ఒక్కడివే తినేద్దామనా? మాకూ పెట్టు" అన్నాడు ముందున్న వ్యాను డ్రైవరు.

"ఇది నీకు అరగదులే" అన్నాను నేను.

కిటికీ తెరుచుకోలేదు. ఎండ ఎక్కింది. నెత్తిమీద వల నీడ అందరి మొహాల మీద గళ్లుగళ్లుగా పడింది. ఎవరో మోచేత్తో పొడిస్తే ఆ పోటు మనిషి నుంచి మనిషికి పాకి వెనకదాకా పోతోంది. ముక్కు దురద పెడితే చెయ్యి పైకి రావడం లేదు. కాసేపటికి వాచ్‌మన్ వచ్చి చెప్పాడు: సినిమా వచ్చింది గానీ, దాన్ని తెర మీద వేయడానికి సినిమా కంపెనీ పంపాల్సిన కోడ్ రాలేదు. అది వచ్చేదాకా టికెట్లు ఇవ్వరు.

"ఎప్పుడొస్తుంది?"

"అది నన్నడిగితే ఏం చెప్పను? మేనేజరు లోపల ఫోన్లో తిట్లు తింటున్నాడు."

స్తంభం సంచి తీసి చేత్తో పట్టుకున్నాడు. "నేను బయటికి పోవాలి" అన్నాడు మెల్లగా. వాడి నోట ఆ మాట నేను ఎప్పుడూ వినలేదు. మరెవరూ కూడా విని ఉండరు. అందుకే జోకు అనుకున్నారు.

"స్తంభం నడుస్తుందంట్రోయ్!" అన్నాడు డ్రైవరు.

నేను వాచ్‌మన్‌ని పిలిచి ముందు గేటు తీయమన్నాను. "ఒకడికి తీస్తే అందరూ పడతారు. మేనేజరు చెప్పాలి" అన్నాడు. వెనక్కి పోదామంటే ఇద్దరు మనుషులు ఒకరినొకరు దాటలేరు. అలా కుదరకూడదనే వాడు కొలిచి మరీ కట్టాడు. పైన వల. నా వెనక ఎవరో ఊపిరాడక, "ఎవడ్రా ఈ బోను కట్టిన వెధవ?" అని అరిచాడు.

"ఇదిగో, వీడే!" అన్నాడు ప్రెసిడెంటు. లైనంతా నవ్వింది. స్తంభం కూడా నవ్వాడు. నవ్వుతూనే పక్క తలుపు మీద భుజం పెట్టి తోశాడు. తర్వాత కాలితో తన్నాడు. అది కదల్లేదు. తన అతుకు మీద వేళ్లతో కిందికీ పైకీ తడిమి చూశాడు. ఎక్కడైనా ఒక్క చోట బద్ధకించి ఉంటాడేమోనని వెతికాడు. లేదు.

"అతుకు కొయ్యాలంటే గ్రైండరు కావాలి" అన్నాడు. "షాపుకి ఫోన్ చెయ్యాలి."

షాపులో ఉండేది వాళ్ల నాన్న.

"ఊపిరాడట్లేదని చెప్పు, పరుగెత్తుకొస్తాడు" అని చెవిలో చెప్పాను. "ఇంకేం చెప్పకు."

వాడు ఫోన్ చెవికి నొక్కుకున్నాడు. "నాన్నా, గ్రైండరు పట్టుకుని హాలు దగ్గరికి రా. పక్క తలుపు కొయ్యాలి... లోపల ఉన్నా... లేదు, బాగానే ఉన్నా." నేను వాడి డొక్కలో పొడిచాను. "ఓడల కంపెనీ పరీక్షకి పోవాలి నాన్నా. మధ్యాహ్నం."

అంతే. అవతల ఫోన్ పెట్టేశాడు. వాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. వాడికి అబద్ధం చెప్పడం నేర్పలేకపోయాను. ఇన్ని పుస్తకాలు చదివి ఏం లాభం?

ముసలాయన, అదే వాళ్ల నాన్న, వచ్చాడు. భుజాన గ్రైండరు, చేతికి చుట్టిన తీగ. జనం ఈలలు వేశారు. హీరో వచ్చినా అన్ని ఈలలు పడవు. ఆయన ఎవరినీ చూడకుండా పక్క తలుపు దగ్గర కూర్చుని, బొటనవేలితో అతుకు మీద రాశాడు.

"నువ్వేనా వేసింది?"

"ఊ."

"కిందదాకా వేశావే."

"ఊ. నాన్నా, తొందరగా."

"బాగా కుదిరింది" అన్నాడు ఆయన. "నాకు నీ వయసులో ఇంత కుదిరేది కాదు."

వాచ్‌మన్‌కి జాలేసినట్టుంది. "పెద్దాయనా, ప్లగ్గు ఇక్కడుంది, తీగ ఇటివ్వు" అన్నాడు. ముసలాయన తీగ విప్పలేదు. గ్రైండరుని ఒళ్లో పెట్టుకుని, పైపులకు వీపు ఆనించి కూర్చున్నాడు.

"పెద్దోడు ఇక్కణ్ణించే పోయాడు" అన్నాడు. ఎవరితోనో చెబుతున్నట్టు కాదు. "నేనొచ్చేసరికి వీడొక్కడే నిలబడి ఉన్నాడు. వీణ్నైనా వదిలిపెట్టాడులే అనుకున్నాను."

"నాన్నా, టైమైపోతోంది."

"తెలుసు."

నాకు తిక్క రేగింది. "కొయ్యవయ్యా ముసలాయనా! కన్నకొడుకుని బోనులో పెట్టి కాపలా కాస్తావా?" అని పైపుల్లోంచి అరిచాను. ఆయన తల తిప్పి చూశాడు. అవి వెల్డింగ్ వెలుగుకి ఎర్రబడిపోయిన కళ్లు, ఏడ్చినా తెలియదు. "కాయితాలు తూచుకునేవాడివి నువ్వు. ఎప్పుడైనా పోతావు. పో. నేను ఆపానా?" అన్నాడు.

"వదిలెయ్‌రా. నాన్నని ఏమీ అనకు" అన్నాడు స్తంభం. అప్పుడు ముసలాయన మీదకంటే వాడి మీద ఎక్కువ కోపం వచ్చింది నాకు. తన్నమని, తిట్టమని, కనీసం ఏడవమని ఎంత చెప్పినా వాడు కదల్లేదు. పైపుల్లోంచి చెయ్యి బయటికి పెట్టి తండ్రి భుజాన్ని తాకాడు. కొయ్యమని అడగడానికో, పర్వాలేదని చెప్పడానికో నాకు ఇప్పటికీ తెలియదు. ముసలాయన ఆ చెయ్యి తీసెయ్యలేదు, పట్టుకోనూ లేదు. ఇద్దరూ అలాగే ఉండిపోయారు. నీడలు కాళ్ల కిందికి వచ్చి, మళ్లీ రెండోవైపు సాగడం మొదలుపెట్టాయి.

పరీక్ష టైము దాటిపోయాక కోడ్ వచ్చింది. కిటికీ తెరుచుకుంది. లైనంతా ఒక్కసారిగా అరిచి ముందుకు ఒరిగింది. స్తంభం టికెట్టు తీసుకుని ముందు గేటులోంచి బయటపడ్డాడు. ప్రెసిడెంటు బావమరిది అప్పుడే తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కాతో దిగాడు. "థాంక్స్ బ్రదర్" అన్నాడు. స్తంభం టికెట్టు ఇచ్చేసి, తండ్రి ఒళ్లోని గ్రైండరు తీసుకుని తన భుజాన వేసుకున్నాడు. ఇద్దరూ షాపు వైపు నడిచారు.

మేం లోపలికి పోయి సినిమా చూశాం. ఒకచోట హీరో ఇనుప గేటుని ఒక్క తన్ను తంతే అది ఎగిరి అవతల పడింది. హాలు దద్దరిల్లింది. ఆ గేటుకి అతుకు వేసినవాడు మా స్తంభం అయి ఉంటే హీరో కాలు విరిగి ఉండేది. ఆ మాట ప్రెసిడెంటుతో అంటే, "నోర్ముయ్‌రా, సినిమా చూడనీ" అన్నాడు.

తర్వాత నాకు వేరే ఊళ్లో అచ్చాఫీసులో పని దొరికింది. వెళ్లేముందు చెప్పి పోదామని షాపుకి వెళ్లాను. ముసలాయన లోపల నిద్రపోతున్నాడు. స్తంభం బయట నేల మీద కూర్చుని కొత్త లైను కడుతున్నాడు, బస్టాండుకట. ఓడల కంపెనీవాళ్లు మళ్లీ వస్తున్నారని నేను పేపర్లో చూశాను. ఆ పేపరు వాడి ముందు పెట్టాను. చదివాడు. మడిచి, జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు. తర్వాత లేచి నన్ను ఆ లైను అటు చివరకి తీసుకెళ్లి, పక్క తలుపు చూపించాడు.

"ఈసారి గడియ లోపలివైపు పెట్టాను. లోపలున్నవాడు ఎవరినీ అడగక్కర్లేదు" అన్నాడు. తెరిచి, మూసి, మళ్లీ తెరిచి చూపించాడు. చప్పుడు లేకుండా జారింది.

"బాగుంది. మరి నువ్వెప్పుడు వెళ్తావు?" అన్నాను.

వాడు గడియ వేసి, దాని మీద మసిగుడ్డతో ఒకసారి తుడిచాడు.

"గడియ లోపలే ఉంది కదరా. ఎప్పుడైనా వెళ్లొచ్చు."