నాలుగోసారి కడిగిన సీసా

గుమ్మడిదల దిక్కు వాగు నీళ్లను పరీక్షకు పంపే పని నాది. ఒడ్డు పొంటి పత్తి వేసే పెద్దాయన, నేను నేర్పినట్టే నా సీసాను వాగు నీళ్లతో మూడుసార్లు కడిగి నింపిచ్చేటోడు. వాగుల విషం కలుపుతున్నయని కంపెనీల మీద ఊరోళ్లు కేసేసిండ్రు. "వాళ్ల విషం దొరికిందా సారూ?" అని నేను పోయినప్పుడల్లా పెద్దాయన అడిగేటోడు.

ఒకసారి రిపోర్టుల పురుగుమందు వచ్చింది. ఆయన పత్తికి కొట్టేదే. దాయబుద్ధి కాక చెప్పిన.

వీపు మీది స్ప్రే డబ్బా దించకుండనే నిలబడ్డడు.

"ఇది బయటపడితే కేసు పోతది. మందు కొట్టకుంటే పత్తి పోతది. ఏం జెయ్యాలె సారూ?"

సీసా ఇచ్చిన. మూడుసార్లు కడిగిండు. నాలుగోసారి కూడా కడిగిండు.

"ఇగ సాలు తాతా, నింపు" అన్న.

కడుగుతనే ఉన్నడు.