చింతగింజలు నా ఒళ్లోకి చేరిన మధ్యాహ్నం

మొన్న మా మనవడు ఫోనులో ఏదో రంగుల ఆట ఆడుతూ, ఖాతాలో డబ్బు దండిగా ఉంటే ఎప్పటికైనా గెలుపు మనదేనని వాళ్లమ్మకు నచ్చచెబుతుంటే, కూర తరుగుతున్న నా చేయి ఆగిపోయింది. అదే మాట చిన్నప్పుడు ఇనుపగనుల ఊరైన బచేలిలో మా నాన్న నోట విన్నాను. అప్పుడు పుట్టిన భయం, దేవుడి దయవల్ల ఎన్నో గండాలు దాటొచ్చిన ఈ వయసులోనూ మళ్లీ పుట్టింది.

మాది విజయనగరం వైపునుంచి రైలుపనికి వచ్చిన కుటుంబం. నాన్న కాంట్రాక్టరు కింద పట్టాల పని చేసేవాడు. కొండమీంచి ఇనుపరాయి దిగే ఆ రోజుల్లో, పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి ఇటుకరంగు తిరిగేది. చెల్లి వంకరకాలుతో పుట్టింది. దాన్ని ఎత్తుకుని తిరగడంలో నాకు బడి కుదరలేదు. అమ్మే చింతగింజలు పరిచి లెక్కలూ, ప్రార్థన వాక్యాలు చూపించి అక్షరాలూ నేర్పింది. అందుకు ఆమెకు ఇప్పటికీ రుణపడే ఉన్నాను. విశాఖలో చెల్లి కాలికి ఆపరేషన్ చేయించాలని కూడబెట్టిన డబ్బు బియ్యం డబ్బాలో ఉండేది, కావలసినదాంట్లో సగం.

మిగతా సగం నాన్నకు ముర్గా బజారనే వారపు సంతలో కనిపించింది. అక్కడ కోడిపందేల పక్కనే ఖుడ్‌ఖుడి ఆడేవారు: ఆరు బొమ్మలు గీసిన గుడ్డ, అవే బొమ్మలున్న మూడు పాచికలు, వాటిని కుదిపే చిన్న వెదురుబుట్ట. మనం కాసిన బొమ్మ ఒక పాచిక మీద పడితే కాసినంత లాభం, రెండింటి మీద పడితే రెండింతలు, మూడింటి మీదా పడితే మూడింతలు. అసలు పడకపోతే కాసింది బుట్టవాడిది. ఆరు బొమ్మలకు మూడు పాచికలు గనక సగానికి సగం మనదేనని నాన్న లెక్క. చేతిలో కొద్దిగా ఉండబట్టే ఇన్నాళ్లూ ఓడిపోయాడట.

“మూట పెద్దదైతే మన రోజొచ్చిందాకా కాసుకోవచ్చే,” అన్నాడు, సంతరోజు మధ్యాహ్నం బియ్యం డబ్బా వైపు చూస్తూ.

“మీ రోజొచ్చిందాకా ఆడు బుట్ట మూసుకు కూకుంటాడేటి?” అంది అమ్మ.

ముందు ఇంట్లో ఆడి చూడమని చింతగింజల కుండ తెచ్చింది. నాన్న నవ్వి, మూడు చెక్కముక్కల మీద బొగ్గుతో బొమ్మలు గీశాడు. ఇంట్లో ఉన్న చిన్న బుట్ట నాకిచ్చి, బుట్టవాడి వంతు నన్ను ఆడమన్నారు. కుండలో సగం నాన్న ముందు పోశారు. మొదట రెండుసార్లు నాన్నే గెలిచాడు. తరువాత ఆ కుప్ప తగ్గుతూ, కాస్త పెరుగుతూ, మళ్లీ తగ్గుతూ వచ్చింది. గింజలు నా ఒళ్లోకి జారినప్పుడల్లా చెల్లి కాలు నేనే దొంగిలిస్తున్నట్టుండి, ప్రభువా నన్ను ఓడించు అని లోలోపల వేడుకుంటూ, గెలుస్తూ, ఏడ్చాను. ఇంకాస్త ఉంటే నిలబడేవాణ్ణన్నాడు నాన్న. అమ్మ మిగతా కుండా ఒంపింది. ఓడిపోవడానికి ఇంకాస్త పొద్దు పట్టింది, అంతే.

అప్పుడు అమ్మ ఆరు బొమ్మల మీదా ఒక్కో గింజ పెట్టి నన్ను కుదపమంది. మూడు వేర్వేరు బొమ్మలు పడితే మూడు గింజలు నాకొచ్చి మూడు నానుంచి పోయేవి. ఒకే బొమ్మ రెండు పాచికల మీద పడితే మాత్రం నాకు నాలుగొచ్చేవి, నేనిచ్చేది మూడే. ఒకటి నా దగ్గర మిగిలేది. బుట్టవాడు మోసం చేయనక్కర్లేదు, మనం లేచిపోకుండా ఉంటే చాలు.

నాన్న లేచాడు. డబ్బాలోని మూట తీసి నడుముకు కట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అమ్మా నేనూ చెల్లిని మధ్యన కూర్చోబెట్టుకుని మోకరించాం. గుమ్మం వైపు చూడటానికే భయపడ్డాను. దీపం పెట్టే వేళకు నాన్న వచ్చి, మూట ముడి విప్పకుండానే అమ్మ చేతికిచ్చాడు. మిగతా సగం కూడేసరికి ఇంకా చాలాకాలం పట్టింది. ఆలస్యమవడంతో చెల్లి నడకలో చిన్న కుంటు ఉండిపోయింది. అయినా నడిచింది, దేవునికి స్తోత్రం.

అమ్మ లెక్కకు లొంగాడనే అనుకున్నాను. నాకు పెళ్లయ్యాక ఒకసారి తనే చెప్పాడు: “మీ యమ్మ లెక్క నాను నమ్మలేదు గుంటా. అక్కడికెల్లి ముడి మీద సెయ్యేసేను. నువ్వు నా గింజలు తీసుకుంటా ఏడిసేవు. ఆ బుట్టోడు జనం డబ్బులు లాక్కుంటా నవ్వుతున్నాడు. అది సూసి భయమేసింది.”

ఆ రోజుల్లో మన సొమ్ము తీసుకునేవాడు ఎదురుగా కూర్చునేవాడు, వాడి ముఖం చూసి లేచి రావచ్చు. ఇప్పుడు ముఖమే లేదు. మా పిల్లవాణ్ణి దేన్ని చూసి భయపడమనాలి?