అంకుల్ ఎత్తని చెయ్యి

2018 నవంబర్ 14, బుధవారం. ఈ రోజు మొదటి ఆశ్చర్యం ఆంటీ గొంతు. ఆమె ఎప్పుడూ మెయిల్ రాస్తారు, పైన తేదీ వేసి, క్షేమం అడిగి, అచ్చం ఉత్తరంలా. వాయిస్ మెసేజ్ పంపడం ఇదే మొదటిసారి. పళ్లు తోముకుంటూ ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను. వెనకాల ఆవులు అరుస్తున్నాయి.

"అబ్బాయ్, మీ అంకుల్ నిన్న పొద్దున పోయారు. గుండె ఆగిపోయింది. మంచులో, దొడ్డి గేటు దగ్గర. గొళ్లెం పెట్టాకే పడ్డారు, ఒక్క దూడ కూడా బయటికి పోలేదు. శనివారం మట్టి చేస్తాం. రేపు కోర్టులో నేను ఇక్కణ్నుంచే వీడియోలో తెర మీదికి వస్తాను, వాళ్లకు చెప్పేశాను. నువ్వు టై కట్టుకో."

నోట్లో నురగతో అలాగే నిలబడిపోయాను. రేపు ఇక్కడ ఇంగ్లండ్‌లో, కోవెంట్రీలో ఒక కొట్లాట కేసు విచారణ. దెబ్బలు తిన్నది నేనూ అంకులూ. సాక్షులం ముగ్గురం ఉండేవాళ్లం. ఇప్పుడు ఆంటీ, నేను.

వాళ్లు నాకు చుట్టాలు కారు, మా దేశం వాళ్లూ కారు. అమెరికాలో ఐడహో అనే చోట ఆవుల మందలు పెంచుకునే రైతులు. డెబ్బై ఏళ్ల వయసులో మందను కొడుక్కి అప్పగించి, మార్మన్ అనే క్రైస్తవ చర్చి తరఫున పద్దెనిమిది నెలల సేవకు సొంత ఖర్చుతో ఇక్కడికి వచ్చారు. ఆ చర్చిలో సేవకు వచ్చిన పంతొమ్మిదేళ్ల కుర్రాణ్నీ, డెబ్బై ఏళ్ల పెద్దాయన్నీ ఒకే మాటతో 'ఎల్డర్' అని పిలుస్తారు. ఇద్దరి జేబుకూ ఒకేలాంటి, పేరు రాసిన నల్ల బిళ్ల ఉంటుంది. మాకు మాత్రం ఆయన అంకుల్, ఆమె ఆంటీ. మనవాళ్లకు తెల్లజుట్టు కనబడితే వేరే పిలుపు నోటికి రాదు కదా.

చర్చి హాల్లో మంగళవారం సాయంత్రాలు ఉచితంగా ఇంగ్లీషు మాట్లాడటం నేర్పేవారు. మాస్టర్స్ చదవడానికి వచ్చిన కొత్తలో నేను అక్కడ చేరాను. వ్యాకరణం నాకు వచ్చు, నోరు తిరగదు. అంకుల్ పాఠం పుస్తకంలోంచి చెప్పేవారు కారు. మందను తోలడం, కొమ్ములు కాల్చడం, అడ్డం తిరిగిన దూడను తల్లి కడుపులోంచి తాడు కట్టి లాగడం, ఇవన్నీ నెత్తురుతో సహా చెప్పేవారు. మాది అనంతపురం జిల్లా. గొడ్లంటే నాకూ తెలుసు. ఆయన చెప్పిన ప్రతి పనికీ మా ఊళ్లో ఒక తెలుగు మాట ఉందని ఆ గదిలోనే కనిపెట్టి, రెండు భాషల్లోనూ రాసుకునేవాణ్ని. మాటల మీద పిచ్చి నాకు అక్కడే పట్టింది.

"తన్నే గొడ్డు ముందు చెవులు వెనక్కి పెడుతుంది," అనేవారు. "తన్నిన తర్వాత ఏడవడం కాదు, చెవులు చూడటం నేర్చుకో."

ఇళ్ల తలుపులు తట్టి బోధించే పని కుర్ర ఎల్డర్లది. ఆ కుర్రాళ్లను చూసుకునే పని వీళ్లది. ఫ్రిజ్‌లో బూజు పట్టిందేమో చూడటం, జ్వరమొస్తే జీపీ అనే పేట డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం. ఒక సాయంత్రం క్లాసు మధ్యలో ఫోన్ వచ్చింది. బస్టాపులో ఒక కుర్ర ఎల్డర్ తల మీద ఎవరో బీరు సీసా పగలగొట్టారు. సాయంగా నేనూ కారెక్కాను. కుర్రాడి తెల్ల చొక్కా మెడ నుంచి నడుం దాకా ఎర్రగా ఉంది. ఆంటీ కారు నడిపితే, దారంతా అంకుల్ రుమాలుతో వాడి నెత్తి అదిమి పట్టుకున్నారు. ఆసుపత్రిలో నాలుగు గంటలు ఆగమన్నారు. "దూడైతే ఈపాటికి నేనే కుట్టేసేవాణ్ని," అన్నారు. ఆ కుర్రాడు వణుకుతూనే నవ్వాడు.

సేవలో ఉన్నవాళ్లు జంటగానే తిరగాలి. ఒకరి కనుచూపు మేర దాటి రెండోవారు పోకూడదు. మొగుడూ పెళ్లాలకైనా అదే కట్టుబాటు. అంకుల్ మేకుల దుకాణంలో అరగంట నిలబడితే ఆంటీ పక్కనే నిలబడి ఆవలించేవారు. "నలభై ఆరేళ్లు ఈయన పొద్దున్నే పొలానికి పోయేవారు, నేను హాయిగా ఉండేదాన్ని," అనేవారు. "దేవుడు ఈ ముసలితనంలో నాకు పరీక్ష పెట్టాడు."

డిసెంబరు మొదటి ఆదివారం వాళ్లను మా ఫ్లాట్‌కు భోజనానికి పిలిచాం. నా రూమ్‌మేట్‌ది కరీంనగర్. వాడు మటన్, నేను పులిహోర. ఇద్దరూ వచ్చి కూర్చున్నారు, కంచాలు బోర్లించారు. నెలలో మొదటి ఆదివారం వాళ్లకు ఉపవాసమట.

"మరి రానని చెప్పొచ్చు కద ఆంటీ," అన్నాడు వాడు దిగులుగా.

"పిలిచారుగా. రావడం వేరు, తినడం వేరు."

"ఏందిర బై," అని వాడు నా చెవిలో అన్నాడు. "మనకు శనివారం, వీళ్లకు ఆయితారం. ఒక్క దినం ఆగితె అందరి దేవుళ్లు సల్లగుండు."

మేం వాళ్ల ఎదురుగా సిగ్గుపడుతూ తిన్నాం. అయిదు గంటలకు అంకుల్ కళ్లు మూసుకుని ఏదో చెప్పుకున్నారు. తర్వాత గిన్నెలు ఖాళీ అయ్యాయి, అడుగున మాడిన పులిహోరతో సహా.

ఇక ఫిబ్రవరి సంగతి.

శనివారం, మధ్యాహ్నం మూడు. మా వీధి మలుపులో ముగ్గురు కుర్రాళ్లు నన్ను ఆపారు. ఒకడిది ఎర్ర జాకెట్. సంచిలో ఏముందన్నారు, మీ దేశం పొమ్మన్నారు. వాళ్ల చెవులు అప్పటికే వెనక్కి పెట్టి ఉన్నాయి, నేను చూడలేదు. మొదటి గుద్దు నోటి మీద పడింది. పన్ను విరిగి నాలుక కిందికి పోయింది. రెండోది కడుపులో. కింద పడ్డాక తన్నడం మొదలుపెట్టారు. ఎవరి బూటు ఎక్కడ తగులుతోందో తెలియదు. చెవిలో మోత, కళ్ల ముందు తడి రోడ్డు. ఎర్ర జాకెట్ వాడు సైకిలు గొలుసు విప్పాడు.

అప్పుడు నా మీద ఏదో బరువు పడింది. అంకుల్. మార్కెట్ నుంచి వస్తూ చూసి, పరుగెత్తుకొచ్చి, బోర్లా నన్ను కప్పేశారు. గొలుసు ఆయన వీపు మీద, తల మీద పడిన చప్పుడు ఆయన ఛాతీలోంచి నాకు వినిపించింది. ఒక్కో దెబ్బకు ఆయన ఊపిరి నా మెడ మీద తగిలేది. ఆయన చేతులు నా రెండు పక్కలా నేలకు ఆని ఉన్నాయి. ఎద్దు మెడ వంచే చేతులు. ఒక్కటీ పైకి లేవలేదు.

ఆంటీ మాత్రం అంత సాధువు కాదు. ఆమె చేతిలో బంగాళాదుంపల వలసంచి ఉంది. దాన్ని రెండు చేతులా తిప్పి ఎర్ర జాకెట్ వాడి మొహం మీద కొట్టారు. వాడి ముక్కు చిట్లింది. మళ్లీ కొట్టారు. సంచి చిరిగి దుంపలు రోడ్డంతా దొర్లాయి. తర్వాత పోలీసులు, మీరెందుకు పారిపోలేదని అడిగితే ఆమె చెప్పిన జవాబు మా క్లాసంతా చెప్పుకుని నవ్వింది: "జతను వదిలి పోకూడదని మా కట్టుబాటు. ఎలాగూ ఉండాల్సినదాన్ని, ఊరికే ఉండటం ఎందుకని."

ఎవరో కిటికీలోంచి చూసి ఫోన్ చేస్తే పోలీసులు వచ్చారు. ఇద్దరు పారిపోయారు. ముక్కు పట్టుకుని కూర్చున్న ఎర్ర జాకెట్ వాడు దొరికాడు. అంకుల్‌కు మూడు పక్కటెముకలు విరిగాయి, ఎడమ చెవి పైన పదకొండు కుట్లు పడ్డాయి.

మార్చిలో మా కిటికీలోంచి ఇటుక వచ్చి పడింది. ఎవరు వేశారో తేలలేదు. గాజు ముక్క రూమ్‌మేట్ మోచేయి చీల్చింది. వండిన అన్నమంతా పారబోశాం. కేసు వదిలేద్దామని ఆ రోజే అంకుల్‌తో అన్నాను.

"మీ దేవుడు క్షమించమన్నాడు కదా?"

"క్షమించాను. పొడిచిన ఎద్దును కూడా క్షమిస్తాను. కట్టు మాత్రం విప్పను," అన్నారు. పక్కటెముకలు నొప్పెట్టి నవ్వు మధ్యలో ఆపేశారు.

సేవ ముగిసి, రేపు విమానమనగా, జూన్‌లో వాళ్ల ఫ్లాట్‌కు వెళ్లాను. ఆంటీ వంటింట్లో గిన్నెలకు కాగితాలు చుడుతున్నారు. నాలుగు నెలలుగా నన్ను తినేస్తున్న ప్రశ్న అడిగాను.

"మీరు తలచుకుంటే ముగ్గుర్నీ పడగొట్టేవారు. ఎందుకు కొట్టలేదు అంకుల్?"

ఆయన పెట్టె మీద కూర్చుని తన కుడి పిడికిలి చూసుకున్నారు.

"ఇరవై ఆరేళ్లప్పుడు కొట్టాను. మా పనివాడు గేటు వేయడం మరిచాడు. దూడ రోడ్డు మీదికి పోయి లారీ కింద పడింది. ఒక్క గుద్దు. వాడు వెనక్కి పడ్డాడు, ఇనప తొట్టి అంచు తగిలింది. ఎడమ కన్ను పోయింది. డాక్టరుతో గుర్రం తన్నిందని చెప్పాను. వాడికి పని కావాలి, అవునని తలూపాడు."

వంటింట్లో కాగితం చప్పుడు ఆగింది. ఆంటీకి తెలిసిన కథే అయి ఉంటుంది, అయినా ఆగింది.

"పంతొమ్మిదేళ్లు అదే చెప్పాను. తర్వాత ఒక రోజు ఆరు గంటలు బండి నడుపుకుంటూ వాడి ఇంటికి పోయి నిజం చెప్పాను. 'నాకు తెలియదనుకున్నావా?' అని తలుపేశాడు. అది వాడి హక్కు."

"తెలిసినవాడికి చెప్పడానికి అంత దూరం పోయారా?"

"వాడికి తెలుసు. నా నోటికే తెలియదు."

అప్పుడు నా నోరు తెరుచుకుంది. అప్పటివరకూ ఎవరికీ చెప్పనిది ఆయనకు చెప్పాను. ఇప్పుడు మీకూ చెబుతున్నాను. గొలుసు ఆయన మీద పడుతుండగా నేను ఆయన కిందినుంచి పాక్కుంటూ బయటికి వచ్చాను. లేచి పరుగెత్తాను. సాయం పిలవడానికి పరుగెత్తానని పోలీసుల కాగితంలో నా సంతకంతో ఉంది. నేను ఎవర్నీ పిలవలేదు. మూలనున్న దుకాణం సామాన్ల గదిలోకి దూరి, బియ్యం బస్తాల వెనక కూర్చున్నాను. ఫోన్ చేతిలోనే ఉంది. పోలీసులు రావాలంటే తొమ్మిది మూడుసార్లు నొక్కాలి. నొక్కలేదు. బయట దెబ్బలు వినబడుతూనే ఉన్నాయి. పోలీసు సైరన్ ఆగాకే బయటికొచ్చాను.

అంకుల్ ఆశ్చర్యపోలేదు. "తెలుసు. నేను పడుకున్న చోటికి ఆ దుకాణం తలుపు ఎదురే."

"మరి పోలీసులకు చెప్పలేదేం?"

"నన్ను అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ని. అది నీ మాట అబ్బాయ్, నా నోటితో చెల్లదు."

"నన్నేం చేయమంటారు?"

"నువ్వు పంతొమ్మిదేళ్లు ఆగొద్దు," అన్నారు. ఆ మాట తర్వాత లేచి, పెట్టె మూత పడటం లేదు, వచ్చి కూర్చో అని పిలిచారు. ఇద్దరం ఆ పెట్టె మీద కూర్చుంటే ఆంటీ జిప్ లాగారు.

అయిదు నెలలు ఆగాను. విచారణ రోజున ఆయన తెర మీద ఉంటారు, ఎలాగో జరుగుతుంది అనుకుంటూ ఆగాను. ఈ పూట అన్నం తినేటప్పుడు రూమ్‌మేట్‌కు అంతా చెప్పాను. వాడు ముద్ద చేతిలో పట్టుకునే విన్నాడు.

"ఇప్పుడు గది చెప్తె ఏమైతదో ఎరికేనా? వాళ్ల లాయర్ నిన్ను ఉతికి ఆరేస్తడు. అప్పుడు అబద్ధం చెప్పినోడు ఇప్పుడు నిజం చెప్తుండా అంటడు. ఆ ఎర్ర జాకెట్‌గాడు ఇడుదలైతె?"

"అయితే అవుతాడప్పా. ఆంటీ చూసిండేది చూసినట్లు చెప్తుంది."

"నువ్వు పిరికోడివని పేపర్ల పడ్తది."

"పిరికోణ్ణే కదరా."

వాడు ముద్ద కంచంలో పెట్టేశాడు. తర్వాత చెయ్యి కడుక్కుని, తన టై తెచ్చి ఇచ్చాడు. నాది ఇస్త్రీలో కాలిపోయింది.

ఎర్ర జాకెట్ వాడు గెలిచే అవకాశం నేనే ఇస్తున్నానేమో. ఇందాక ఆంటీకి మెసేజ్ పంపాను. ముందుగా అంకుల్ గురించి నాలుగు మాటలు, తర్వాత బియ్యం బస్తాల సంగతి. ఆమె ఒక్క వాక్యం రాశారు: "నాకు నువ్వు చెప్పావు, ఇక వాళ్లకు చెప్పు." తిట్టలేదు. క్షమించానని కూడా అనలేదు. అది ఆమె హక్కు.

రేపు పొద్దున ఎనిమిదింబావు బస్సు ఎక్కుతాను. తొమ్మిదికల్లా కోర్టు మెట్ల దగ్గర ఉంటానని కేసు చూస్తున్న పోలీసామె చెప్పింది. లోపలికి వెళ్లకముందే ఆమెను పక్కకు పిలిచి ఆ కాగితం బయటికి తీయమంటాను. రెండో పేజీలో, పైనుంచి నాలుగో వాక్యం. 'సాయం పిలవడానికి పరుగెత్తాను' అని ఉంటుంది, అది కొట్టేయమంటాను. దాని పైన 'దాక్కున్నాను' అని నేనే రాసి, పక్కన సంతకం పెడతాను.