రెండు ముక్కల ఏసీ

నాలుగు వందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు కవులందరూ కట్టగట్టుకుని వచ్చినా, మా అమ్మమ్మ ఎలీసమ్మ ముందు ఇస్త్రీ బట్టలు మడతపెట్టడానికి కూడా పనికిరారు. ఈ మాట కువైట్‌లో నాకు తెలిసిన వాళ్లందరికీ చెప్పాను. ఆ కవుల్లో ఎంతమందిని చదివావని ఎవరూ అడగలేదు కాబట్టి బతికిపోయాను. నేను టెన్త్ తప్పాను. అమ్మమ్మ ఐదు దాకా చదివింది. ఇద్దరినీ కలిపినా ఒక చదువు పూర్తికాదు.

అమ్మమ్మది పాలకొల్లు దగ్గర ఊరు. ఇక్కడ యుద్ధం ముగిసిన మరుసటేడు, తొంభై రెండులో, రుమైథియాలో ఒక ఇంటికి పనికి వచ్చింది. మా తాతయ్య దేవసహాయం ఊళ్లోనే ఉండిపోయాడు. ఆయనకు రాయడం రాదు. ఫోను చేస్తే పక్కింటికి చేయాలి. అక్కడ పదిమంది ముందు నిలబడి "బాగానే ఉన్నాను" అని పెట్టేసేవాడు. అందుకని ఇద్దరి మధ్యా ఒక క్యాసెట్టు తిరిగేది. అమ్మమ్మ మేడ మీద తన గదిలో తలుపేసుకుని మాట్లాడి, సెలవు మీద వెళ్లేవాళ్లతో పంపేది. తాతయ్య విని, దాని మీదే తన జవాబు రికార్డు చేసి తిప్పి పంపేవాడు. ఒకరు మాట్లాడాలంటే రెండోవారి మాట చెరిగిపోవాలి. గల్ఫ్‌లో ఉన్నవాళ్లంతా అలాగే చేసేవారు. ఎవరికీ అందులో తప్పు కనబడలేదు.

అమ్మమ్మకు మాట తిన్నగా చెప్పడం రాదు. దేన్నైనా ఇంకో దానితో పోల్చి, ఆ పోలికను పీకి పాకం పెట్టి గానీ వదలదు. ఇక్కడ వీసా ఇచ్చి పనికి పెట్టుకున్న యజమాని కఫీల్, ఉండనిచ్చే కార్డు ఇఖామా. శుక్రవారాలు కువైట్ సిటీలో చర్చికి వెళ్లి ఇలా ప్రార్థించేది: "ప్రభువా, నువ్వు నా కఫీల్‌వి. నా పాసుపోర్టు నీ దగ్గరే ఉంది. కానీ నువ్వు బీరువాలో ఎట్టి తాళం ఎయ్యలేదు, మేకులు దిగిన అరసేతిలో దాసుకున్నావు. నా ఇఖామా మీద నీ రక్తం ముద్ర పడింది, ఇక ఏటేటా రెన్యువల్ లేదు." ఇంకా సాగుతుంటే పాస్టర్ గారు మెల్లగా దగ్గేవారట. "ఎలీసమ్మ గారూ, ఆమెన్ అనండమ్మా. బస్సు ఎల్లిపోద్ది."

ఆ ఇంటి కూతురు హెస్సా యూనివర్సిటీలో ఇంగ్లీషు సాహిత్యం చదివేది. తొంభై ఏడు వేసవిలో పరీక్షలకు చదువుకుంటూ, ఇస్త్రీ చేస్తున్న అమ్మమ్మకు పాఠం అప్పజెప్పేది. ఆ కాలపు కవులు ప్రేమనూ దేవుణ్ణీ ఒకే ఊపిరిలో పలికేవారట. పటాలతో, కొలత పనిముట్లతో, ఎక్కడెక్కడి వస్తువులతోనో పోల్చేవారట. అమ్మమ్మకు తెలిసిన అరబ్బీ కొంత, హెస్సా చేతులు తిప్పడం కొంత కలిపి అర్థమైంది.

"ఇందుకా మీకు పరీక్ష?" అందట అమ్మమ్మ.

"నువ్వు ఒకటి చెప్పు చూద్దాం" అంది హెస్సా.

అమ్మమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి కిటికీలోంచి పక్కింటి గోడ చూపించింది.

"ఆ ఏసీ రెండు ముక్కలు, మిషను ఒక్కటే. ఒక ముక్క లోపల సల్లగా, సప్పుడు సెయ్యకుండా ఉంటాది. రెండోది బయట ఎండలో వేడి కక్కుతా ఉంటాది. మధ్యన రాగి గొట్టం. అందులో తిరిగేది ఎవరికీ కనబడదు. అది దేవుడు. బయటిది కాలకపోతే లోపలిది సల్లబడదు. మా ఆయనా నేనూ అంతే."

హెస్సా రాసుకుంది. దాన్ని తన వ్యాసంలో పెట్టింది. మేష్టారు క్లాసులో పైకి చదివి మెచ్చుకున్నారట. ఎవరు చెప్పిందో రాశావా అని అమ్మమ్మ అడిగితే, ఒక పాత తూర్పుదేశపు మాట అని రాశానంది హెస్సా. పాతదీ తూర్పుదీ అయిన అమ్మమ్మ అప్పుడు బాత్రూము కడగడానికి వెళ్లిపోయింది. సాయంత్రం హెస్సా ఒక సెంటు సీసా ఇచ్చింది. సగం వాడినది.

అసలు గొడవ ఇక్కడ కాదు. ఆ వారమే అమ్మమ్మ అదే పోలికను క్యాసెట్టులో తాతయ్యకు చెప్పింది. ఊళ్లో క్యాసెట్టు వచ్చిందంటే వీధంతా అరుగు మీదికి చేరేది, తమవాళ్ల కబురు కూడా ఉంటుందేమోనని. అందరూ విన్నారు. రెండు ముక్కల ఏసీ, ఒకటి బయట, ఒకటి లోపల, నువ్వూ నేనూ. అందరికీ ఒకటే అర్థమైంది. ఎలీసమ్మ ఏసీ పంపుతోంది.

మూడు నెలలకు జవాబు వచ్చింది. అమ్మమ్మ తలుపేసుకుని విన్నది.

"ఎలీసమ్మా, మేస్త్రిని పిలిసి గోడకి కన్నం పెట్టించాను. బ్యాంకులో ఉన్నదాన్ని సూసి, ఆ కొలతే తీయించాను. ఏసీ ఎవరితో పంపుతున్నావ్?"

అమ్మమ్మ ఎంత పోల్చినా ఆ గోడకు పడిన కన్నాన్ని పోల్చలేకపోయింది. అదే క్యాసెట్టు మీద ఆయన మాట చెరిపి, మొదటిసారి తిన్నగా మాట్లాడి పంపింది. ఇక జవాబు రాలేదు. ఊరు నవ్విందని, తాతయ్య అరుగు మీద కూర్చోవడం మానేశాడని మా అమ్మ షైని ఉత్తరం రాసింది. సెలవు మీద వెళ్లొచ్చిన ప్రతివాళ్లనూ అమ్మమ్మ అడిగేది, క్యాసెట్టు ఇచ్చాడా అని. రెండేళ్లు అడిగింది.

తొంభై తొమ్మిది ఆగస్టులో తాతయ్య పోయాడు. హెస్సా వాళ్ల కుటుంబమంతా లండన్‌లో ఉంది. అమ్మమ్మ పాసుపోర్టు బీరువాలో ఉంది. వాళ్లు తిరిగొచ్చి బీరువా తీసి, అమ్మమ్మ ఊరు చేరేసరికి నలభయ్యో రోజు. కన్నానికి గోనెసంచి కుక్కి ఉంది.

ఆ తర్వాత అమ్మమ్మ ప్రార్థన రెండు మాటలకు దిగిపోయింది. "ప్రభువా, సూసుకో." పాస్టర్ గారికి బస్సు భయం తీరిపోయింది. హెస్సా లెక్చరరయ్యాక ఇంకో పోలిక చెప్పమని వచ్చింది. అమ్మమ్మ ఇస్త్రీ ఆపకుండా "ఖలాస్" అంది.

మా అమ్మ నర్సు ఉద్యోగానికి వస్తూ నన్నూ తెచ్చింది. సబా అల్ సలేంలో ఉంటాం. మొన్న రెండు వేల పదకొండులో అమ్మ సెలవు మీద ఊరెళ్లి, తాతయ్య ట్రంకు పెట్టె అడుగున పంచె మడతల్లో ఆ క్యాసెట్టు చూసి పట్టుకొచ్చింది. పాత టేపురికార్డరు అరువు తెచ్చి విన్నాను. తాతయ్య గొంతు లేదు. అమ్మమ్మ గొంతే ఉంది, నీళ్లలోంచి వస్తున్నట్టు, అరిగిపోయి.

"ఏసీ లేదయ్యా. పోలిక సెప్పాను. నువ్వంటే నాకు ఇష్టమని దాని అర్థం. కన్నం పూడిపించేయి. ఇది సెరిపేసి నీ మాట సెప్పు."

ఆయన చెరపలేదు. జవాబు చెప్పాలంటే ఆమె మాట చెరిపేయాలి, అందుకే నోరు మూసుకున్నాడు. అంతటి మౌనం ఏ కవికి చేతనవుతుంది? శుక్రవారం దాకా ఆగలేక రుమైథియా పరిగెత్తాను. అమ్మమ్మ హెస్సా పిల్లల యూనిఫారాలు ఇస్త్రీ చేస్తోంది. అంతా చెప్పి, క్యాసెట్టు బల్ల మీద పెట్టాను.

"చూశావా అమ్మమ్మా, తాతయ్యకు అర్థమైంది. నీ గొంతు పోకూడదనే జవాబు చెప్పలేదు. ఇంతకంటే ప్రేమ ఉంటుందా?"

అమ్మమ్మ క్యాసెట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. కాలరు మీద నీళ్లు చిలకరించింది.

"పాలకొల్లు బజార్లో కొత్త క్యాసెట్లు దొరకవా ఏటే? మడతెట్టు, ఊరికే నిలబడక."