ఫ్రిజ్ మీద అంటించిన కార్డు

మావాడికి పద్దెనిమిది నిండాయి. యుద్ధం వస్తే సైన్యంలోకి పిలవడానికి ఈ అమెరికాలో మగపిల్లల పేర్లు ముందే రాసుకుంటారు కదా, ఆ కార్డు వచ్చింది. కాలేజీ సీటు ఉత్తరం పక్కనే ఫ్రిజ్‌కి అంటించి నిన్న ఈ గ్రూపులో ఫోటో పెడితే అందరూ కంగ్రాట్స్ అన్నారు.

ఇవాళ బాతెల్ ఊళ్ళో, నేను పనిచేసే ల్యాబ్‌లో, లంచ్ దగ్గర ఆ ఫోటో లాన్‌గారికి చూపించాను. ఆవిడది వియత్నాం, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డారు.

"జస్ట్ ఫార్మాలిటీ అండీ. మీ భాషలో దీన్నేమంటారు?" అన్నాను.

"పేపర్లో 'మో క్వాన్' అని రాసేవాళ్ళు, సైన్యాన్ని సమకూర్చడం అని. మా అమ్మ మాత్రం 'బాత్ లిన్' అనేది. అంటే సిపాయిని పట్టుకోవడం, కోడిని పట్టుకున్నట్టు. మా అన్నయ్య ఐస్ కొనడానికి సందు చివరికి వెళ్ళాడు. అక్కడే పట్టుకున్నారు."

తిరిగొచ్చాడా అని అడగలేకపోయాను. ఆవిడ సగం తిన్న డబ్బాకి మూత పెట్టేశారు.

సాయంత్రం ఇంట్లో పాలు అయిపోయాయి. "కార్ కీస్ ఇవ్వు నాన్నా, నేను తెస్తా" అన్నాడు మావాడు. వద్దని నేనే వెళ్ళొచ్చాను. వచ్చాక కార్డు ఫ్రిజ్ మీంచి తీసేశాను.

నిన్న కంగ్రాట్స్ అన్నవాళ్ళు ఇవాళ ఒక్క మాట చెప్పండి. మీ పిల్లల కార్డు ఎక్కడ దాచారు? మా ఇంట్లో ఏ సొరుగూ చాలినంత లోతుగా లేదు.