బొక్కకు పొక్క

మా దిక్కు బొక్క అంటే ఎముక, పొక్క అంటే రంధ్రం. ఒక్క అక్షరం తేడా. పుట్టినప్పటి నుంచి ఆ రెండు మాటలూ నోట్లో నానుతూనే ఉన్నాయి గానీ, మొన్నటి వానాకాలం దాకా ఒకటి విని ఇంకొకటి అనుకునే ఖర్మ నాకు పట్టలేదు.

హనుమకొండలో ములుగు రోడ్డు మీద మాదొక వెల్డింగ్ షాపు. మా ఆయన ట్రాక్టర్ సామాన్లు బాగుచేస్తాడు. నాగళ్లు, రోటవేటర్లు, వరి మళ్లలో దమ్ముకు వాడే ఇనుప చక్రాలు, ఏవైనా సరే. వెల్డింగ్ ఎవరైనా చేస్తారు, ఇనుములో పొక్క కొట్టాలంటే మాత్రం ఆయనే కొట్టాలని రైతులంటారు. నా గొప్పకు చెప్పడం లేదు, ఏటూరునాగారం నుంచి కూడా వస్తారు. ముందు పంచ్ పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ వేసి గుర్తు చేస్తాడు. తర్వాత డ్రిల్లింగ్ మిషన్‌కు సన్న బిట్టు, ఆ తర్వాత లావు బిట్టు. నడుమ నడుమ నాలుగు చుక్కల నూనె. బిట్టు అవతలికి తేలే ముందు మాత్రం చేతి బలం తీసేసి, పసిపిల్లను పక్క మీద పడుకోబెట్టినంత మెల్లగా పోతాడు. అక్కడ ఒత్తితే బిట్టు ఇనుమును కరుచుకుంటుంది, మిషన్ గిర్రున తిరిగి చేతిని మెలిపెట్టేస్తుంది. ఈ సంగతి నాకూ తెలుసు. తెలిసీ నోరు పారేసుకున్నాను, అదీ నా బాధ.

ఆ రోజు మధ్యాహ్నం మూడయింది. మా ఇల్లు షాపు వెనకాలే. అన్నానికి రెండుసార్లు పిలిచాను, రాలేదు. నా కోపం సంగతి మా గల్లీ అందరికీ ఎరుకే. మూడోసారి నేరుగా షాపులోకి పోయి, "తింటవా, కుక్కకు పెట్టాల్నా?" అని అరిచాను. ఆయన తల ఇటు తిప్పి, "వస్తాన తియ్యే" అన్నాడు. అంతే, బిట్టు పట్టేసింది. చేయి విరిగిన చప్పుడు ఆ మోతలో కూడా నాకు వినపడింది.

సుబేదారిలో ఒక దవాఖానకు తీసుకుపోతే ఎక్స్‌రే తీశారు. కుడి ముంజేతి బొక్కలు రెండూ విరిగాయి. ఆపరేషన్ చేసి ప్లేటు వేయాలి, లేకుంటే వంకరగా అతుక్కుంటుంది, ఇక మిషన్ పట్టే మాట మరిచిపోండి అన్నాడు డాక్టరు. మా ఆయన వింటేగా! "కట్టు కట్టుండ్రి, సాలు. కోసుడు గీసుడు నాతోని కాదు." రెండు రోజులు ఇదే పాట. పొద్దున లేస్తే ఇనుమును కోసే మనిషికి కత్తి అంటే ఇంత భయమని పెళ్లయిన ఇరవై ఏళ్లకు తెలిసింది నాకు. తిట్టాను, బతిమాలాను, ఏడ్చాను. గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు.

మూడో రోజు పొద్దున మందుల కోసం దవాఖాన వరండాలో నిలబడి ఉంటే ఫోన్ మోగింది. కొత్త నంబరు.

"నమస్కారమండీ. ఆ బొక్క బాగా పాడైపోయిందండి. చుట్టూ పగుళ్లు వచ్చేశాయి" అన్నాడు ఎవరో మగమనిషి. మాట ఆంధ్ర మాట. పెద్ద డాక్టరేమో అనుకున్నాను.

"ప్లేటు ఏస్తె నయం గాదా సార్?"

"ప్లేటు ఆగదండి. అక్కడికి కోసేయడమే."

నా పై పానాలు పైనే పోయాయి. "జర మంచిగ చూడుండ్రి సార్. ఇంకో తొవ్వ లేదా?"

"లేదండి. గ్యాసు కట్టరుతో కోసేసి, కొత్త ముక్క అతికించి మళ్లీ బొక్క పెట్టాలి. ఇంతకీ మేస్త్రి గారు ఉన్నారా?"

గ్యాసు కట్టరు! ఆయన డాక్టరు కాదు, పాలంపేట దగ్గరి రైతు. తాతల కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన వాళ్లు. వాళ్లకు బొక్క అంటే మన పొక్క. ట్రాక్టర్ చక్రానికి బోల్టు పొక్క అరిగిపోయి, షాపు బోర్డు మీది నంబరుకు ఫోన్ చేశాడు. ఆ నంబరు నాది.

"నీ నోట్ల మన్నువడ! పొక్క అనరాదయ్యా?" అని వరండా దద్దరిల్లేలా అరిచాను. సంగతంతా చెప్పాక, తప్పు నాదైనా పాపం ఆయనే క్షమించమన్నాడు.

నవ్వుకుంటూ ఏడ్చుకుంటూ లోపలికి పోయి మా ఆయనకు చెప్పాను. మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు, నొప్పికి "అమ్మా" అనుకుంటూ కూడా నవ్వాడు. నవ్వి నవ్వి, "అంటే నా బొక్కకు గూడ పొక్కలే కొడ్తరా?" అని అడిగాడు.

"మరేందనుకున్నవ్? ప్లేటు, స్క్రూలు. రోజూ నువ్వు చేసే పనే గద!"

డాక్టరు రాగానే లేచి కూర్చున్నాడు. "సార్, బిట్టు ఎంత సైజు?"

ఆ డాక్టరు చల్లగా ఉండాలి, నవ్వలేదు. "రెండున్నర ఎం.ఎం." అన్నాడు.

"అవుతలికి తేలేటప్పుడు ఎట్ల జేస్తరు?"

"అక్కడే భయం. అటు పక్క నరాలుంటాయి. బలం తీసేసి మెల్లగా పోతాం."

మా ఆయన ఆ డాక్టరు చేతుల వంక చాలాసేపు చూశాడు. "గట్లయితె కొట్టుండ్రి" అని ఎడమ చేత్తో ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం మీద వేలిముద్ర వేశాడు.

ఇప్పుడు చేయి బాగానే తిరుగుతోంది. ఆ పాలంపేట రైతు చక్రానికి పొక్క కొట్టింది కూడా ఆయనే. కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు.

ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయేటప్పుడు, మూడు రోజులుగా లోపలే దాచుకున్న మాట బయటికొచ్చేసింది. "అన్నానికి రమ్మని నేను గట్ల ఒర్రకుంటె నీ చెయ్యి మంచిగనే ఉండేది" అన్నాను.

"నువ్వు ఒర్రినవా? ఎప్పుడు?" అన్నాడు. "మిషన్ సప్పుడుల నాకేం ఇనవల్లే."

నా మొహంలోకి చూస్తూనే, తడబడకుండా అన్నాడు. ఈ మనిషికి అబద్ధం చెప్పడం రాదని ఇరవై ఏళ్లుగా అందరి దగ్గరా చెప్పుకుంటూ వచ్చాను. "అవునా, ఇనవల్లేదా?" అన్నాను. "ఇనవల్లే" అన్నాడు మళ్లీ.