నా వేళ్లు చూసి తిన్న దొర

అమలాపురం కొబ్బరితాళ్ల వర్తకుల్లో దొరకు భోజనం పెట్టే తెలివి నాకొక్కడికే పుట్టింది. కాలువ పని చూసే ఆ ఇంగ్లీషు దొరగారు ఇక తాళ్లన్నీ నా దగ్గరే కొంటారని నా లెక్క.

ఆయన అరుగు మీద, నేను గడప లోపల. కలిసి తింటే కులపెద్దలు వెలివేస్తారు కనుక ఉత్తచేత్తో గాలి కలిపి చూపాను. ఆయన నా వేళ్లనే చూస్తూ పనసపొట్టు కూర కలుపుకున్నారు. నేను నోరు తెరిస్తే తానూ తెరిచారు.

తినడం నేర్పాను గాని, ఎంగిలాకు ఎవరెత్తాలో ఆలోచించలేదు.

"నేనెత్తనండీ అమ్మగారూ! మావోళ్లు గడప తొక్కనివ్వరు," అంది పనిమనిషి మా అమ్మతో.

దొరగారికి తెలుగు తెలుసు. ముఖం కందిపోయింది. ఆకు తానే మడిచి పట్టుకుని లేచారు.

"ఎక్కడ పారెయ్యమంటారండీ?"

మా అమ్మ గడప దాటి వచ్చింది. "అన్నం పెట్టి ఆకెత్తించుకుంటామా బాబూ? ఇలా ఇవ్వండి."

ఆకు పారేసి, నూతి దగ్గర తలమీదుగా నీళ్లు పోసుకుంది.

దొరగారు తాళ్లు రాజోలులో కొన్నారు. నా ధర ఎక్కువట. ఖర్చు కింద బోలెడు నెయ్యి, నెల్లాళ్లు బంధువులు మా ఇంట మంచినీళ్లు ముట్టకపోవడం. జమ కింద ఆ ఆకు అందుకున్న చెయ్యి ఒక్కటే. అదీ నాది కాదు.